హిమోగ్లోబిన్ 8.6: నా గ్రూప్-2 ప్రిపరేషన్ అనుభవం

ముందే చెప్తున్నా, నాకు గ్రూప్-2 ఉద్యోగం రాలేదు. కాబట్టి ఇందులో టాపర్ టిప్స్ ఉండవు. 2024 జులైలో నల్లగొండ రామగిరిలోని రూమ్‌లో నాకేమైందో చెప్తా.

2022 డిసెంబర్‌లో తెలంగాణ గ్రూప్-2లో 783 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టులో అన్నారు, తర్వాత నవంబర్, ఆ తర్వాత 2024 జనవరి, మళ్లీ ఆగస్టు. తేదీ దగ్గరికొచ్చిన ప్రతిసారీ "ఈ ఒక్క నెలే కదా" అనుకుని రోజుకు నాలుగు గంటలే పడుకునేదాన్ని. ఆ ఒక్క నెల ఎన్నిసార్లు వచ్చిందో మీకూ తెలుసు.

జులై వచ్చేసరికి ఎకానమీలో ఒకే పేజీ గంటసేపు తెరిచి ఉండేది. మా రూమ్ రెండో అంతస్తు. సగం మెట్లెక్కాక గోడ పట్టుకుని నిలబడేదాన్ని. ఒక గ్రాండ్ టెస్టులో 62వ ప్రశ్న వదిలేసి, ఓఎంఆర్ షీట్‌లో దాని బబుల్‌లో 63వ దాని జవాబు దిద్దాను. అక్కడి నుంచి చివరిదాకా అన్నీ ఒకటి పైకి జరిగిపోయాయి. దీనికంతా నేను పెట్టుకున్న పేరు బద్ధకం. దానికి మందుగా టైమ్‌టేబుల్‌లో ఇంకో గంట కలిపాను!

అమ్మ రోజూ ఫోన్ చేసేది. "తిన్నవా బిడ్డా?" "తిన్ననమ్మా." తిన్నది టీ, రెండు బిస్కెట్లు. మహాలక్ష్మి పథకం వచ్చాక బస్సుకు టికెట్ డబ్బులు కూడా అక్కర్లేదు. అయినా దేవరకొండ దగ్గరి మా ఊరికి మూడు నెలలు పోలేదు. పోతే రెండు రోజుల సిలబస్ పోతుందని లెక్క.

చివరికి రూమ్మేటే చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయింది. డాక్టరమ్మ కింది రెప్ప లాగి చూసి రక్త పరీక్ష రాసింది. హిమోగ్లోబిన్ 8.6. ఆడవాళ్లకు కనీసం 12 ఉండాలి. "రోజుకు ఎన్ని టీలమ్మా?" అని అడిగింది. ఆరు, అదీ తిన్న వెంటనే. అలా తాగితే తిండిలోని ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదని చెప్పింది. హిమోగ్లోబిన్‌లో ఉండే లోహం ఏదని బిట్ వస్తే కళ్లు మూసుకుని పెట్టేదాన్ని నేను.

ఊరికి పోయి తొమ్మిది రోజులున్నా. మొదటి మూడు రోజులు నిద్రే. నాలుగో రోజు పుస్తకం తీస్తే అమ్మ లాక్కుంది. జొన్న రొట్టె, పుంటికూర పప్పు, డాక్టరమ్మ రాసిన ఐరన్ గోలీలు. లోపల మాత్రం అందరూ చదువుతున్నారు, నేను పడుకున్నా అనే గిల్టీ. అది అంత తొందరగా పోదు. అది పోవాలని ఎదురుచూడకుండా పడుకోవడమే.

ఆ నెలలోనే పరీక్ష మళ్లీ డిసెంబర్‌కు పోయింది. ఆ ఒక్క వాయిదా మాత్రం నాకు కలిసొచ్చింది.

తిరిగొచ్చాక రాత్రి పదకొండుకు లైటు ఆర్పేసేదాన్ని. ఒక్కో సబ్జెక్టుకు ఒక్క పుస్తకం ఉంచుకుని మిగతావి అట్టపెట్టెలో కట్టి మంచం కిందికి తోశాను. హిస్టరీలో కందూరు చోళులు, పానగల్లు, ఛాయా సోమేశ్వరాలయం అని వందసార్లు చదివి ఉంటా. ఆ గుడి నల్లగొండ పక్కనే ఉన్నా ఏనాడూ చూడలేదు. ఒక ఆదివారం రూమ్మేటూ నేనూ ఆటోలో పోయాం. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద నిలువునా ఒక నీడ. అది ఏ స్తంభానిదో తేల్చాలని ఒక్కో స్తంభం దగ్గరికి పోయి నిలబడ్డాం. తేలలేదు. ఆ అరగంట సిలబస్ గుర్తుకే రాలేదు.

మీకు రిపోర్టులన్నీ బాగుండి కూడా మనసు బాగుండకపోవచ్చు. మా రూమ్మేట్‌ది అదే. నిద్ర లేక, ఏడుపు ఆగక, ఒక రాత్రి మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేసింది. ఉచితం, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు. బతకాలని లేదనిపిస్తే మాత్రం పొద్దుటిదాకా కూడా ఆగకండి, పక్కవాళ్లను లేపండి.

డిసెంబర్ 15, 16 తేదీల్లో నాలుగు పేపర్లూ రాశాను. పది ప్రశ్నలకోసారి బబుల్ నంబరు సరిచూసుకున్నా. రెండు పేపర్ల మధ్య నోట్సు తీయకుండా పెరుగన్నం తిని చెట్టు కింద కూర్చున్నా. రెండో రోజు సాయంత్రం అయిదున్నరకు బయటికొచ్చి బండి దగ్గర టీ తాగాను. ఆ రోజుకు అదే మొదటిది.