అంబాసిడర్‌కి ఎలక్ట్రిక్ ఫ్యాన్: రిలే, ఫ్యూజు, వైరు లెక్క

ఫ్యూజు పోదు, ఫ్యూజు హోల్డర్ మాత్రం కరిగిపోతుంది. బెల్టు ఫ్యాన్ తీసేసి ఎలక్ట్రిక్ ఫ్యాన్ బిగించిన పాత అంబాసిడర్లలో, పద్మినుల్లో తరచుగా కనిపించే జబ్బు ఇది. దానికి 20 ఆంపియర్ల ఫ్యూజు తీసి 30ది పెట్టడం వైద్యం కాదు, అలా చేస్తే ఈసారి వైరే కాలుతుంది. ఫ్యూజు ఉన్నది వైరుని కాపాడటానికి. అందుకే ముందు ఫ్యాన్ ఎంత కరెంటు లాగుతుందో కొలవాలి, దాన్నిబట్టి వైరు ఎంచుకోవాలి, ఆ వైరుకి తగ్గ ఫ్యూజు వేయాలి. ఈ వరస తప్పకూడదు.

అసలు కొలవడానికి ముందే చూడాల్సింది ఛార్జింగ్. బండిలో ఇంకా డైనమో (బ్యాటరీని ఛార్జ్ చేసే పాతకాలపు యంత్రం) ఉంటే ఎలక్ట్రిక్ ఫ్యాన్ జోలికి వెళ్లకండి. లూకాస్ సీ40 డైనమో గరిష్ఠంగా ఇచ్చేదే 22 ఆంపియర్లు, ఐడిల్‌లో అయితే దాదాపు ఏమీ ఇవ్వదు. రేడియేటర్ ఫ్యాన్‌తో పని పడేదేమో బండి ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడే. ముందు దాని బదులు, ఐడిల్‌లో కూడా ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ వేయించండి.

ఫ్యాన్ మీద 80 వాట్లనో 120 వాట్లనో రాసి ఉన్నదాన్ని నమ్మవద్దు. ఇంజన్ నడుస్తుండగా, వోల్టేజి 14 దగ్గర ఉన్నప్పుడు, డీసీ చదివే క్లాంప్ మీటరుతో (వైరు చుట్టూ దవడ పట్టించి కరెంటు చదివేది) కొలవండి. ఇళ్లలో వాడే మామూలు ఏసీ క్లాంప్ మీటరు ఇక్కడ పనికిరాదు. మల్టీమీటరులో 10 ఆంపియర్ల సాకెట్టులోంచి కరెంటు పంపితే లోపలి ఫ్యూజు పోతుంది.

ఒక లెక్క చూద్దాం. ఫ్యాన్ నిలకడగా 16 ఆంపియర్లు లాగుతోందనుకోండి. బ్యాటరీ నుంచి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) మీదుగా ఫ్యాన్ దాకా 2 మీటర్ల వైరు పడుతుంది. 1 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు వేస్తే దారిలోనే 0.6 వోల్టు దాకా పోతుంది, వైరు కూడా వేడెక్కుతుంది. 2.5 వేస్తే 0.23 వోల్టు, 4 వేస్తే 0.15 వోల్టు. బానెట్ కింది వేడిని కూడా లెక్కలోకి తీసుకుంటే 4 స్క్వేర్ ఎం.ఎం. వేయడమే మంచిది. ఎర్త్ వైరు కూడా అదే సైజు. ప్లస్ వైపు లావుగా, ఎర్త్ వైపు సన్నగా వేసినవి చాలా కనిపిస్తాయి. కరెంటు మాత్రం రెండు వైపులా ఒకటే.

ఇక ఫ్యూజు. నిలకడ కరెంటు ఫ్యూజు రేటింగ్‌లో 70 శాతం దాటకుండా చూసుకోవాలి. 16ని 0.7తో భాగిస్తే 23 వస్తుంది, అంటే 25 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు, రంగు లేకుండా తెల్లగా ఉండేది. ఫ్యాన్ తిరగడం మొదలయ్యే క్షణంలో కరెంటు రెండు మూడు రెట్లు లేస్తుంది, దానికి భయపడక్కర్లేదు. రేటింగ్‌కి రెట్టింపు కరెంటు వెళ్లినా బ్లేడ్ ఫ్యూజు వెంటనే పోదు, 5 సెకన్ల దాకా ఆగొచ్చు. అదే బేరింగ్ పట్టేసి మోటారు తిరక్కపోతే ఆ కరెంటు తగ్గకుండా అలాగే ఉంటుంది, ఫ్యూజు పోతుంది. ఫ్యూజుని బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోనే పెట్టండి. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న వైరు బాడీకి తగిలితే ఆపే దిక్కు ఉండదు.

హోల్డర్ ఎందుకు కరుగుతుందో ఇప్పుడు చూడండి. వదులైన క్లిప్పు దగ్గర 0.05 ఓమ్‌ల అడ్డు ఏర్పడిందంటే, 16 ఆంపియర్ల దగ్గర అక్కడ పుట్టే వేడి దాదాపు 13 వాట్లు. గోరంత చోట చిన్న సాల్డరింగ్ ఐరన్ పెట్టినట్టే. కరెంటు మాత్రం 16 దాటదు కాబట్టి ఫ్యూజుకి ఏమీ తెలియదు. చవక హోల్డర్లకి పుట్టుకతో వచ్చే తోక వైరు తరచూ సన్నగా ఉంటుంది, క్లిప్పులు మెత్తగా ఉంటాయి. 4 స్క్వేర్ ఎం.ఎం. తోక ఉన్న, మూత గట్టిగా పట్టే హోల్డరే తీసుకోండి. లగ్గులని (వైరు చివర బిగించే లోహపు ముక్కలు) సరైన క్రింపింగ్ ప్లయరుతో నొక్కాలి. సాల్డరింగ్ చేస్తే సాల్డర్ ఆగిన చోట వైరు బిరుసెక్కి, అదురుకి అక్కడే తెగుతుంది.

రిలే 40 ఆంపియర్లది, నాలుగు కాళ్లది. కాళ్ల పక్కన నంబర్లు ఉంటాయి: 30కి ఫ్యూజు నుంచి వచ్చే వైరు, 87 నుంచి ఫ్యాన్‌కి. 86కి ఇగ్నిషన్ ప్లస్ (కీ తిప్పితేనే కరెంటు వచ్చే వైరు), 3 లేదా 5 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా. 85 నుంచి థర్మో స్విచ్‌కి (నీళ్ల వేడిని బట్టి ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్), అక్కడి నుంచి ఎర్త్‌కి. 85, 86 మధ్య ఉండే రిలే కాయిల్ లాగేది 0.15 ఆంపియర్ల చుట్టుపక్కలే, 1 స్క్వేర్ ఎం.ఎం. వైరు చాలు. కొన్ని రిలేల లోపల కాయిల్‌కి అడ్డంగా డయోడ్ ఉంటుంది. వాటిలో 85, 86 తారుమారైతే స్విచ్ ఆన్ అయిన మరుక్షణం చిన్న ఫ్యూజు పోతుంది.

షాపులో ఐదు కాళ్ల రిలే ఇస్తే మధ్య కాలు 87ఏని జాగ్రత్తగా గమనించండి. అది రిలే ఆఫ్‌లో ఉన్నప్పుడు కలిసి ఉండే కాలు. ఫ్యాన్ వైరు దానికి తగిలిస్తే బ్యాటరీ కలపగానే ఫ్యాన్ తిరుగుతుంది, ఇంజన్ వేడెక్కగానే ఆగిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు తిరుగుతోంది కదా అని బండి తీస్తే రోడ్డు మీద నీళ్లు మరుగుతాయి. రిలేని కాళ్లు కిందికి ఉండేలా బిగించండి, నీరు లోపల నిలవదు.

థర్మో స్విచ్ ఆఫ్ అయ్యే వేడి, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక నీళ్లని రేడియేటరుకి వదిలే వాల్వు) తెరుచుకునే వేడి కన్నా ఎక్కువ ఉండాలి. థర్మోస్టాట్ 82 డిగ్రీలదైతే 92 దగ్గర ఆన్, 87 దగ్గర ఆఫ్ అయ్యే స్విచ్ సరిపోతుంది. స్విచ్ మరీ తక్కువ వేడిదైతే ఫ్యాన్ ఇక ఆగదు. పాత రేడియేటరుకి స్విచ్ రంధ్రం ఉండదు గనక పై హోస్ మధ్యలో అడాప్టర్ పెడతారు. ఒకే పిన్ను ఉన్న స్విచ్ అయితే ఇక్కడ ఒక చిక్కుంది. రబ్బరు మధ్యలో ఉన్న అడాప్టరుకి బాడీతో సంబంధం ఉండదు, కాబట్టి దానికి విడిగా ఎర్త్ వైరు వేయాల్సిందే. డాష్‌బోర్డు మీద ఒక చిన్న స్విచ్‌ని కూడా 85 నుంచి ఎర్త్‌కి పెట్టుకోండి. థర్మో స్విచ్ చెడిపోయినా చేత్తో ఫ్యాన్ నడపొచ్చు.

రిలే లేకుండా ఇగ్నిషన్ వైరు నుంచే నేరుగా ఫ్యాన్‌కి కరెంటు ఇస్తే కీ స్విచ్ కాంటాక్టులు కాలడం ఒక్కటే కాదు. కీ తీశాక కూడా తిరుగుతున్న మోటారు జనరేటరులా పనిచేసి ఆ కరెంటుని వెనక్కి ఇగ్నిషన్ కాయిల్‌కి పంపుతుంది, ఇంజన్ కాసేపు ఆగదు.

అంతా కలిపాక రేడియేటర్ ముందు ఒక న్యూస్‌పేపర్ కాగితం పట్టండి, లోపలికి అతుక్కోవాలి. బయటికి ఎగిరితే మోటారు వైర్లు తారుమారయ్యాయి. తర్వాత ఫ్యాన్ నడుస్తుండగా బ్యాటరీ పోస్టుల దగ్గర వోల్టేజి, మోటారు పిన్నుల దగ్గర వోల్టేజి కొలవండి. తేడా 0.5 వోల్టు లోపు ఉండాలి. ఎక్కువుంటే ఫ్యూజుకి ఇటూ అటూ, 30కీ 87కీ మధ్య, మోటారు ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య విడివిడిగా చూడండి. తరచూ దొరికేది ఎర్త్ దగ్గరే: బోల్టు కింద పెయింటు గీకి ఉండరు. లోహం మెరిసేదాకా గీకి, పళ్ల వాషరు వేసి బిగించి, పైన కాస్త గ్రీజు రాయండి. పావుగంట నడిపాక ఫ్యూజు హోల్డరుని వేలితో పట్టుకుని చూడండి. వేలు నిలవనంత వేడిగా ఉంటే ఆ హోల్డర్ మార్చేయండి, దాంట్లోని ఫ్యూజు సైజు మాత్రం ముట్టుకోవద్దు.