గింజాలో పాత బియ్యం

"రేపు తలకు కొబ్బరినూనె రాసుకోకండి నాన్నగారూ. మోకాళ్లకు ఆ నొప్పి మందు కూడా వద్దు" అని ముందు రోజు రాత్రే చెప్పాను. ఆయన నా వంక వింతగా చూశారు.

"తినడానికి వెళ్తూ తలకి నూనె రాసుకోకూడదంటావేంట్రా?"

రాసుకోకూడదు. టోక్యోలో ఎనిమిది కుర్చీలే ఉన్న ఆ సుషీ (అన్నం ముద్ద మీద చేప ముక్క) దుకాణం వాళ్లు చోటు ఇచ్చేటప్పుడే చెప్పారు. ఒంటి మీద సెంటు గానీ నూనె గానీ, ఏ వాసనా ఉండకూడదు. పక్క మనిషి తినే చేప వాసన దానికింద పోతుంది. ఆలస్యంగా రాకూడదు, ఎందుకంటే అందరికీ ఒకేసారి మొదలవుతుంది. ఆఖరి రోజున మానేస్తే డబ్బు మొత్తం కట్టాలి. మధ్యాహ్నం భోజనం మనిషికి పదిహేను వేల యెన్లు. మన డబ్బుల్లో అప్పటికి తొమ్మిది వేల దాకా అయింది. రాత్రయితే దానికి రెట్టింపు పైనే. ధర మాత్రం నాన్నగారికి చెప్పలేదు.

"ఇంతకీ ఆ వీధి పేరేంటన్నావు?"

"గింజా."

"వడ్ల గింజా?" అన్నారు, మొహం వెలిగిపోయింది. 'గిన్' అంటే వెండి అని, 1612లో అక్కడ వెండి నాణేల ముద్రణశాల పెట్టారని, అదే పేరుగా మిగిలిందని చెప్పాను. ఆయన విన్నారు గానీ, ఆ తర్వాత కూడా దాన్ని గింజల వీధి అనే అన్నారు.

నేను టోక్యో వచ్చి పదేళ్లు. బ్రిడ్జ్ ఎస్‌ఈ అంటారు ఇక్కడ నా ఉద్యోగాన్ని. హైదరాబాద్ టీముకూ టోక్యో క్లయింటుకూ మధ్య వంతెన అన్నమాట. రోజంతా ఇటు మాట అటు చెప్పడం, అటు మాట ఇటు చెప్పడం. ఉన్నదున్నట్టు చెప్పడం కాదు. క్లయింటు 'కెంతో షిమస్' అంటే మాటకు 'పరిశీలిస్తాం' అని అర్థం, అసలు సంగతి చాలాసార్లు 'కుదరదు' అని. 'అయిపోతుంది' అని హైదరాబాద్ వాళ్లు అన్నదాన్ని క్లయింటుకు 'శుక్రవారానికి ఎనభై శాతం' అని చెప్పాలి. పదేళ్లు ఈ పని చేశాక, మాటను విన్నది విన్నట్టు చెప్పే అలవాటే పోయింది నాకు.

గింజాకి మొదటిసారి వెళ్లింది కూడా ఉద్యోగం మీదే. 2019 జనవరిలో మా సిస్టమ్ లైవ్‌లోకి వెళ్లింది. క్లయింటు విభాగాధిపతి అందరినీ సుషీకి తీసుకెళ్లారు. చేపల మార్కెట్ అంతకు మూడు నెలల ముందే త్సుకిజి నుంచి తొయోసుకు మారింది. అక్కడ జరిగిన మొదటి కొత్త సంవత్సరం వేలంలో 278 కిలోల ట్యూనా 33.36 కోట్ల యెన్లకు పోయింది. ఆ సాయంత్రం మాటలన్నీ దాని చుట్టూనే. పెద్దవాళ్ల గ్లాసు ఖాళీ కాకుండా బీరు పోయడం, హైదరాబాద్ నుంచి వచ్చిన మా మేనేజరుకు ప్రతి మాటా తెలుగు చేసి చెప్పడం, ఆయన జవాబు తిరిగి వీళ్లకు చెప్పడం. పెట్టింది తిన్నాను గానీ, దాని రుచి ఏమిటో ఇవాళ అడిగితే చెప్పలేను. ఈసారి నాన్నగారితో, సొంత డబ్బుతో, మెల్లగా కూర్చుని తినాలని అప్పట్నుంచీ అనుకుంటున్నాను.

ఆయన్ని రప్పించడానికి ఆరేళ్లు పట్టింది. మాది పశ్చిమ గోదావరి. దాళ్వా కోతలయ్యాక, సార్వా నారుమళ్లు పోసే లోపల వచ్చి వెళ్లాలి. మధ్యలో ఆయనకు దొరికేది మూడు వారాలే. ఈసారి ధాన్యం తోలితే కొనుగోలు కేంద్రంలో తేమ యంత్రం పద్దెనిమిది చూపించిందని లోడు వెనక్కి పంపారట. రెండు రోజులు రోడ్డు మీద ఆరబోసి మళ్లీ తోలి, డబ్బు పడకుండానే విమానం ఎక్కారు. 2025 జూన్ మొదటి వారం అది.

ఆయన పచ్చి చేప తినరు. ఆ సంగతి చోటు అడిగినప్పుడే చెప్పాను. ముందే చెబితే వాళ్లు ఏర్పాటు చేస్తారు, వచ్చి కూర్చున్నాక చెప్పడమే తప్పు.

లోపల పొడవాటి చెక్క బల్ల ఒక్కటే. హినోకి చెక్క, మెరుగు నూనె ఏదీ పూయకుండా, రోజూ రుద్ది కడగడం వల్ల తెల్లగా ఉంది. అరచెయ్యి ఆనిస్తే చల్లగా, మెత్తగా తగిలింది. బల్ల అవతల వండేవాడు నిలబడతాడు, ఇవతల తినేవాళ్లు కూర్చుంటారు, మధ్యలో ఇంకేమీ లేదు. వండే ఆయన్ని అందరూ 'తైషో' అని పిలుస్తున్నారు, అంటే యజమాని అని. అరవై పైబడిన మనిషి. కుర్రాడొకడు చెక్క తొట్టెలో అన్నం తెచ్చి ఆయన పక్కన పెట్టి మూత వేశాడు.

నాన్నగారి చూపు చేపల మీద లేదు. ఆ తొట్టె మీద ఉంది.

తైషో కుడిచెయ్యి తొట్టెలోకి వెళ్లి చిన్న ముద్ద తీసింది. వేళ్ల మధ్య ఒకసారి తిప్పి, ఎక్కువనిపించిన నాలుగు మెతుకుల్ని తొట్టె అంచుకు వదిలేసింది. ఎడమచేతిలో చేప ముక్క, దాని మీద వేలి కొసతో వసాబీ అనే ఘాటైన పచ్చడి, దాని మీద ముద్ద. బొటనవేలితో ముద్ద నడుమ చిన్న గుంట నొక్కి, తిప్పి, రెండు వేళ్లతో అదిమి, మళ్లీ తిప్పి వదిలాడు. అంతే. బల్ల మీద పెట్టాక ఆ ముద్ద ఒక్క వెంట్రుకవాసి కిందికి కుంగింది. లోపల గాలి ఉండేలా చుడితేనే అలా కుంగుతుంది. మెతుకు మన ఒంటి వెచ్చదనంతో ఉంది, చేప చల్లగా ఉంది.

నాన్నగారికి మొదట ఉడికించిన రొయ్యతో చేసిచ్చారు. ఆయన ఎవర్నీ అడగలేదు, చేత్తో తీసుకుని నోట్లో పెట్టుకున్నారు. నా ఒళ్లు ఒక్కసారి బిగుసుకుంది. పదేళ్లుగా ఆఫీసులో నా డబ్బాలోని పప్పన్నం నేను చెంచాతోనే తింటున్నాను. ఎవరూ వద్దనలేదు, నాకే చెయ్యి కలపాలనిపించలేదు. పక్కకు చూస్తే కిమోనో కట్టుకున్న పెద్దావిడ కూడా చేత్తోనే తింటోంది, వేళ్లు తడిగుడ్డకు తుడుచుకుంటోంది. తైషో నా కంగారు కనిపెట్టినట్టున్నారు. "చేత్తో తినేవాళ్లకు కాస్త వదులుగా చుడతాను. చాప్‌స్టిక్స్ అయితే విరిగిపోతుంది కదా" అన్నారు. ఆ తర్వాత నేనూ చేత్తోనే తిన్నాను. ఈ ఊళ్లో నలుగురి ముందు చేత్తో అన్నం తినడం నాకు అదే మొదలు.

మూడో నాలుగో ముద్ద తర్వాత నాన్నగారు నా మోచెయ్యి తట్టారు.

"ఒరే, ఆయన్ని అడుగు. ఇయి పాత బియ్యం కదూ?"

వెంటనే చెప్పలేదు. అడగొచ్చా అని ఒక్క క్షణం తటపటాయించాను. జపాన్‌లో కొత్త బియ్యానికే గౌరవం. శరదృతువులో కొత్త పంట వచ్చిందంటే సంచి మీద 'షిన్‌మయ్' అని పెద్ద చీటీ అంటిస్తారు. పాత బియ్యం అనడం ఒక మెట్టు దించడమే. పైగా ఆ వారమే ఊరంతా బియ్యం గొడవ. ముందు ఏడాది వేసవిలో మార్కెట్లలో బియ్యం అరలు ఖాళీ అయ్యాయి, ఆ తర్వాత ఐదు కిలోల సంచి నాలుగు వేల యెన్లు దాటింది. చివరికి ప్రభుత్వం గోదాముల్లో ఉంచిన 2022, 2021 పంటల్ని దాదాపు రెండు వేలకు వదిలింది. పాతపాత బియ్యం, పాతపాతపాత బియ్యం అని టీవీలో వాటికి పేర్లు. తినొచ్చా, వాసన వస్తుందా అని చర్చలు. ఇలాంటప్పుడు ఇంత ఖరీదైన చోట కూర్చుని మీవి పాత బియ్యమా అని అడగమంటున్నారు.

అడిగాను. మెత్తబరచకుండా, ఏ మాటా మార్చకుండా.

తైషో కత్తి పక్కన పెట్టేశారు. "ఎలా తెలిసింది?" అన్నారు.

"మెతుకు మెతుకుగా ఉంది, అయినా ముద్ద విడిపోలేదు. కొత్త బియ్యమైతే ఇంత పులుపు పీల్చవు, పాయసంలా అవుతాయి" అన్నారు నాన్నగారు. ఆయన మాట తెలుగులో ఎలా ఉందో అలాగే చెప్పాను.

అప్పటిదాకా మితంగా మాట్లాడిన మనిషి అక్కణ్నుంచి ఆగలేదు. పాతవీ కొత్తవీ కలుపుతాం అన్నారు. కొత్త బియ్యంలో తేమ ఎక్కువ, వెనిగర్ లోపలికి పోనివ్వదు, పైపైనే జిగురుగా నిలుస్తుంది. కొషిహికారి అనే రకం ఇళ్లలో తినడానికి గొప్పది గానీ జిగురెక్కువ. తన గురువు సాసానిషికి అనే రకం వాడేవారట. 1993లో వేసవే రాకపోవడంతో ఈశాన్యంలో పంట పోయింది, ఆ రకం దెబ్బకు పడిపోయింది, చలి తట్టుకోదని రైతులు మానేశారు. ఇప్పటికీ వేసే కొద్దిమంది దగ్గర నుంచి తెప్పించుకుంటారట. "పొట్ట మీదున్నప్పుడు చలి కొడితే తాలే మిగుల్తుంది" అన్నారు నాన్నగారు, ఆ రైతుల్ని ఎరిగున్నట్టే. అన్నం కాస్త గోధుమ రంగులో ఉందేమని ఆయనే అడిగారు. దంపుడు బియ్యం కాదు. బియ్యంతో చేసే సాకే మద్యం వడకట్టాక మిగిలిన పిప్పిని ఏళ్ల తరబడి నిలవబెట్టి తీసిన ఎర్ర వెనిగర్ అది. సుషీ అన్న మాటకు మూలమే పులుపు. ఒకప్పుడు చేపను ఉప్పూ అన్నంలో నెలల తరబడి పులియబెట్టి, అన్నం పారేసి చేప తినేవారు. అప్పటికప్పుడు చుట్టిచ్చే ఈ సుషీ రెండు వందల ఏళ్ల నాడు, టోక్యోను 'ఎదో' అనే రోజుల్లో, ఇక్కడి వీధి బళ్ల మీద మొదలైంది. కూలీలు నిలబడి తిని పోయేవారు.

మన దగ్గర ఇల్లు గడిచే రైతు ధాన్యం పురికట్టి, ఏడాది మాగినవి దంపించి తింటాడని, కొత్తవాటికన్నా పాతవాటికే ఎక్కువ ధర పలుకుతుందని నాన్నగారు చెప్పారు. తైషో పక్కనున్న కుర్రాడి వైపు తిరిగి "విన్నావా" అన్నారు.

ఆ తర్వాత కొహదా పెట్టారు. వెండి రంగు చర్మం మీద నల్ల చుక్కలు, చిన్న చేప. ఉప్పులో, వెనిగర్‌లో ఊరింది కాబట్టి పూర్తిగా పచ్చిది కాదని నాన్నగారికి చెప్పాను. పెరిగేకొద్దీ దీని పేరు మారుతుంది: షింకో, కొహదా, నకజుమి, కొనొషిరో. వేసవిలో వచ్చే వేలెడంత షింకో, కిలో లెక్కన మంచి ట్యూనాను మించిపోతుంది. ఒంటినిండా సన్నముళ్లు, ఉప్పూ పులుపూ పట్టాక అవి నోటికి తగలవు.

"పులస" అన్నారు నాన్నగారు.

అదే. సముద్రంలో ఉన్నంతసేపూ వలస, వరద నీటికి గోదావరిలోకి ఎదురీదితే పులస. దానికీ సన్నముళ్లే, చింతపండు పులుసులో సన్నసెగ మీద మాగితేనే దారికొస్తాయి, మర్నాటికి గానీ రుచి తేలదు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత తైషోకి చెప్పమన్నారు. పుస్తె అంటే ఏమిటో చెప్పడానికే రెండు నిమిషాలు పట్టింది. కిమోనో పెద్దావిడ నవ్వుతూ తన వేలి ఉంగరం పట్టుకుంది. నాన్నగారు కొహదా తిన్నారు. రెండోది అడిగి తిన్నారు.

ఆఖరున టీతో పాటు చిన్న పింగాణీ పళ్లెంలో పిడికెడు బియ్యం వచ్చాయి, వండనివి. తైషో స్వయంగా రెండు చేతులా పట్టుకుని నాన్నగారి ముందు పెట్టారు. ఆయన ఒక గింజ తీసి వెలుతురుకు పట్టి చూసి, ముందుపళ్ల మధ్య కొరికారు. టప్‌మని విరిగింది. "బాగా ఆరింది. ఏ యంత్రమూ వెనక్కి పంపదు దీన్ని" అన్నారు. ఆ యంత్రం సంగతి ఏమిటని తైషో అడిగితే, లోడు వెనక్కి రావడం, రోడ్డు మీద ఆరబోయడం, అన్నీ చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. వెళ్లేటప్పుడు బయటి మెట్ల దాకా వచ్చి, మేము మలుపు తిరిగేదాకా వంగే ఉన్నారు.

నిహొన్‌బషిలో మారి తోజాయ్ లైను ఎక్కాం. మినామి సునమాచి దాటాక రైలు నేల పైకి వచ్చి అరకావా నది మీదుగా వెళ్తుంది. వాన పట్టి నీళ్లు మట్టి రంగులో ఉన్నాయి. నాన్నగారు కిటికీకి ఆనుకుని అవతలి గట్టు వచ్చేదాకా చూశారు. నిషికసాయ్‌లో ఇంటికి రాగానే వంటింట్లోకి వెళ్లి, మా ఇండియన్ దుకాణంలో కొన్న సోనామసూరి డబ్బా మూత తీసి, ఒక గింజ కొరికారు.

"పాతవని చెప్పి అమ్మాడా నీకు?"

"అవునండి."

"కాదు."

మర్నాడు శనివారం. ఆరింటికే నన్ను లేపారు. మా వీధి చివరి సూపర్ మార్కెట్ ముందు ప్రభుత్వ బియ్యం కోసం అప్పటికే ముప్ఫై మంది దాకా గొడుగులు వేసుకుని నిలబడ్డారు. ఇంటికొక సంచి. అంత పాతవి బాగుంటాయంటారా అని మా ముందున్న ముసలాయన నన్నడిగాడు. నేను నాన్నగారిని అడిగాను. కడిగి అరగంట నానబెట్టమనండి, నీళ్లు పిడికెడు ఎక్కువ పొయ్యమనండి అన్నారు. చెప్పాను. ఆయన వెనకావిడకి చెప్పాడు. తొమ్మిదింటికి తలుపు తెరిచారు. సంచి చేతికి రాగానే నాన్నగారు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఒకసారి ఊపారు.