పెద్దవాళ్లతో, చిన్నపిల్లలతో మ్యాజిక్ కింగ్‌డమ్: ముందుగా ఏమేం చూసుకోవాలి

ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తయ్యా మామయ్యలో వచ్చారంటే ఆ ఏడు ఒర్లాండో ప్రయాణం అమెరికాలోని చాలా తెలుగు ఇళ్లలో ఖాయం. అక్కడ డిస్నీ పార్కులు నాలుగున్నాయి. ముసలివాళ్లూ చిన్నపిల్లలూ కలిసి వెళ్లేటప్పుడు నేను ఎంచుకునేది మాత్రం 1971లో తెరిచిన మ్యాజిక్ కింగ్‌డమ్‌నే. పొడవుతో పనిలేకుండా అందరూ ఎక్కగలిగేవీ, చల్లగా కూర్చుని చూసేవీ మిగతా మూడింటికన్నా ఇక్కడ ఎక్కువ. ఇంట్లో అందరికన్నా తక్కువ నడవగలిగేది ఎవరో ముందు చూసుకోవాలి. వాళ్ల ఓపికను బట్టి రోజును అమర్చుకోవాలి, రైడ్ల జాబితా ఆ తర్వాత. పొద్దున కారు దిగింది మొదలు రాత్రి మళ్లీ ఎక్కేదాకా ఎనిమిది, పది కిలోమీటర్ల నడక తెలియకుండానే అయిపోతుంది.

తేదీ సరిగ్గా కుదిరితే సగం కష్టం తప్పినట్టే. బళ్లకు సెలవులుండే వారాలు, అంటే స్ప్రింగ్ బ్రేక్, జులై 4, థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ నుంచి జనవరి 1 దాకా, పెద్దవాళ్లతో వద్దే వద్దు. ఏప్రిల్లో దిగినవాళ్లను మే మొదటి మూడు వారాల్లో తీసుకెళ్లడం మేలు. ఎండ ఉంటుంది గానీ మధ్యాహ్నపు గాలివానలు అప్పటికింకా ఊపందుకోవు. ఇంకో కిటుకు ఉంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కొన్ని రాత్రులు హాలోవీన్ పార్టీ, నవంబరు, డిసెంబరుల్లో క్రిస్మస్ పార్టీ జరుగుతాయి. వాటికి వేరే టికెట్ కొనాలి. ఆ రోజుల్లో మామూలు టికెట్ వాళ్లకు సాయంత్రం 6 గంటలకే పార్కు మూసేస్తారు కాబట్టి చాలామంది రారు. పగలు క్యూలు చిన్నవిగా ఉంటాయి. పార్కులో రాత్రిపూట కాల్చే బాణసంచా చూడాలన్న పట్టుదల లేకపోతే డెబ్బై ఏళ్లవాళ్లకు అంతకన్నా మంచి రోజు దొరకదు. ఇండియా నుంచి దిగిన వారంలోనే మాత్రం బయల్దేరకండి. మనకు మధ్యాహ్నం 2 గంటలంటే వాళ్ల ఒంటికి రాత్రి 11:30.

టికెట్ల దగ్గర వయసు లెక్క ఇది. 3 ఏళ్లు నిండని పిల్లలకు టికెట్ అక్కర్లేదు. 3 నుంచి 9 దాకా పిల్లల టికెట్, 10 నుంచి పెద్దల టికెట్. వయసు మళ్లినవాళ్లకని విడిగా తగ్గింపు ఉండదు. రేటు తేదీని బట్టి మారుతుంది, అందుకే క్యాలెండర్ పక్కన పెట్టుకుని రెండు మూడు వారాల ధరలు పోల్చండి. ఒకేరోజులో ఇంకో పార్కుకు కూడా వెళ్లనిచ్చే పార్క్ హాపర్ ఈ బృందానికి దండగ. డిస్నీ యాప్‌లో ఒక్క ఫోన్‌లోనే ఇంటిల్లిపాది టికెట్లూ పెట్టుకోవచ్చు గానీ, ఆ ఫోన్ పట్టుకున్న మనిషి రైడ్ ఎక్కితే మిగతావాళ్లకు దారి తెలీదు. కనీసం ఇద్దరి ఫోన్లలో ఉండాలి.

గేటు దగ్గర వేలిముద్ర అడుగుతారు. పొలం పనీ ఇంటి పనీ చేసీ చేసీ పెద్దవాళ్ల వేలిరేఖలు అరిగిపోయి ఉంటాయి. ఊళ్లో రేషన్ షాపు దగ్గర పడే ఇబ్బందే ఇక్కడా రావచ్చు. వేలిముద్ర బదులు ఫోటో ఉన్న గుర్తింపు కార్డు చూపించవచ్చు, కాబట్టి పాస్‌పోర్టు హోటల్ గదిలో వదిలేయకుండా వెంట ఉంచండి.

ఇక క్యూ తగ్గించే లైట్‌నింగ్ లేన్. ఇందులో మల్టీ పాస్ కొంటే ముందుగానే మూడు రైడ్లకు గంటసేపటి టైమ్ స్లాట్లు పట్టుకోవచ్చు. ఒకటి వాడాక ఇంకోటి తీసుకోవచ్చు. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్, ట్రాన్ లాంటి బాగా గిరాకీ ఉన్నవాటికి సింగిల్ పాస్ అని విడిగా కొనాలి. డిస్నీ హోటల్లో దిగినవాళ్లకు బుకింగ్ 7 రోజుల ముందు, మిగతావాళ్లకు 3 రోజుల ముందు, పొద్దున 7 గంటలకు తెరుచుకుంటుంది. అది ఒర్లాండో టైమ్. డాలస్‌లో ఉన్నవాళ్లు 6 గంటలకే లేవాలి, కాలిఫోర్నియా వాళ్లయితే తెల్లవారుజామున 4 గంటలకు. చాలామంది డబ్బు వృథా చేసేది కూడా ఇక్కడే, ఇంట్లో అందరికీ కలిపి కొనేస్తారు. రైడ్ ఎక్కని అమ్మమ్మకు ఈ పాస్ ఎందుకు? ఎవరెవరు ఎక్కుతారో వాళ్లకే కొనే వీలు యాప్‌లో ఉంది.

అది తేలాలంటే ముందు ఇంట్లో పిల్లల పొడవు కొలవాలి. మైన్ ట్రైన్‌కు 38 అంగుళాలు, టియానాస్ బయూ అడ్వెంచర్‌కు 40, స్పేస్ మౌంటెన్‌కు 44, ట్రాన్‌కు 48. అక్కడ రైడ్ ముందు కొలబద్ద దగ్గర నిలబెట్టి చూస్తారు, అర అంగుళం తగ్గినా పంపరు. గంట క్యూలో నిలబడ్డాక పిల్లవాణ్ని వెనక్కి పంపితే ఆ ఏడుపు సాయంత్రం దాకా ఆగదు. పొడవు చాలదని ముందే తెలిస్తే ఆ రైడ్ పేరు కూడా వాడి ముందు ఎత్తకండి. చంటిపిల్లలున్న తల్లిదండ్రులకు రైడర్ స్విచ్ అని ఓ సదుపాయం ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు చంటిదానితో బయట ఉంటారు. మొదటివాళ్లు దిగాక రెండోవాళ్లు మామూలు క్యూలో మళ్లీ మొదటినుంచీ నిలబడకుండా లైట్‌నింగ్ లేన్‌లో వెళ్లవచ్చు. క్యూలోకి అడుగుపెట్టకముందే గేటు దగ్గరి సిబ్బందిని అడగాలి. లోపలికి వెళ్లాక అడిగితే పని జరగదు.

వీల్‌చైర్ సంగతి ఇంట్లోనే తేల్చుకోవాలి. “నేనేమన్నా లేవలేకుండా ఉన్నానా?” అని మామయ్య గారికి కోపం రావడం సహజం. ఎయిర్‌పోర్టులో కూర్చుని వచ్చారుగా, ఇదీ అంతే అని చెప్తే చాలావరకు ఒప్పుకుంటారు. పార్కు లోపల గేటు దాటగానే అద్దెకిస్తారు, కానీ కారు నుంచి ఆ గేటు దాకా ఉన్న దూరమే వాళ్ల మోకాళ్లను ముందు పరీక్షిస్తుంది. అందుకే మడతపెట్టే తేలిక కుర్చీని ఇంటినుంచే కారు డిక్కీలో వేసుకెళ్లడం లేదా హోటల్‌కు తెచ్చిచ్చే బయటి షాపుల దగ్గర అద్దెకు తీసుకోవడం నయం. వీల్‌చైర్ ఉంటే క్యూ తప్పుతుందనుకోవద్దు. ఎక్కువ క్యూలు కుర్చీ పట్టేంత వెడల్పుగానే ఉంటాయి, అందరితోపాటే ఆగాలి. అమ్మ చీర కడితే కుచ్చిళ్లు, పైటకొంగు చక్రాల్లో పడకుండా పిన్ను పెట్టాలి. చుడీదార్ అయితే ఏ గొడవా లేదు. చెప్పులతో ఈ రోజు గడవదు. షూ రెండు వారాల ముందే కొని, రోజూ సాయంత్రం అరగంట వాటితోనే నడిపించండి. కొత్త షూ ఆ రోజే తొడిగితే పదకొండింటికల్లా మడమలు బొబ్బలెక్కుతాయి.

పార్కు 9 గంటలకు తెరుస్తారంటే పార్కింగులో 7:45కే ఉండాలి. ఇతర మూడు పార్కుల్లా ఇక్కడ కారు పెట్టి నేరుగా గేటుకు నడవడం కుదరదు. పార్కింగ్ నుంచి ట్రాన్స్‌పోర్టేషన్ సెంటర్‌కు, అక్కడ బ్యాగుల తనిఖీ, ఆ తర్వాత సరస్సు దాటడానికి మోనోరైల్ గానీ ఫెర్రీ గానీ ఎక్కాలి. ఉబర్‌లో వచ్చినా దింపేది ఆ సెంటర్ దగ్గరే. మొత్తం ముప్పావు గంట పడుతుంది. వీల్‌చైర్ ఉంటే నేను ఫెర్రీకే మొగ్గుతాను. మోనోరైల్‌కు ర్యాంపు ఎక్కాలి, ఫెర్రీలోకి నేరుగా తోసుకెళ్లవచ్చు, ఒకేసారి వందలమంది పడతారు. కారు నిలిపిన వరస పేరూ నంబరూ ఫోటో తీసుకోండి.

మొదటి రెండు గంటలు బంగారం. ఆ సమయంలో పార్కులో ఫాంటసీల్యాండ్ అనే భాగంలోని పిల్లల రైడ్లు వరసగా చేసేయాలి, అన్నిటికన్నా ముందు పీటర్ పాన్ రైడ్. పెద్దవాళ్లను అన్నిటికీ వెంట తిప్పక్కర్లేదు. పొద్దున పిల్లలూ వాళ్ల తల్లిదండ్రులూ అటు వెళ్తే, తాతయ్యా నానమ్మా గేటు దాటగానే వచ్చే మెయిన్ స్ట్రీట్ స్టేషన్‌లో ఆవిరి రైలెక్కి పార్కు చుట్టూ ఓ చుట్టు తిరిగి ఫాంటసీల్యాండ్ స్టేషన్‌లో దిగుతారు. అక్కడ కలుసుకోవచ్చు. అందరూ కలిసి ఎక్కడానికి ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ పడవ సరిగ్గా సరిపోతుంది. పది నిమిషాల పైన సాగుతుంది, చీకటిలేదు, కుదుపులేదు, వీల్‌చైర్‌తోనే ఎక్కే పడవలూ ఉన్నాయి. పార్కులో ఇంకో భాగమైన టుమారోల్యాండ్‌లోని కారొసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ షో 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం చేసినది. ప్రేక్షకులు కూర్చున్న హాలే తిరుగుతుంది. ఇరవై నిమిషాలకు పైగా ఏసీలో కూర్చోవచ్చు. అమెరికా ఇంట్లోకి కరెంటు, ఫ్రిజ్ ఎలా వచ్చాయో చూస్తూ నానమ్మలు తమ ఇంటి సంగతులు చెప్పడం మొదలుపెడతారు, పిల్లలకు అంతకన్నా ఏం కావాలి? పక్కనే పీపుల్‌మూవర్ అనే నెమ్మదిగా సాగే బండి హాయిగా ఉంటుంది గానీ, కదిలే పట్టీ మీద నడుస్తూ ఎక్కాలి, దిగాలి. కాలు తడబడేవాళ్లను ఎక్కించొద్దు. గిరగిరా తిరిగే టీకప్పుల రైడ్ చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ కళ్లు తిరిగే వాళ్లకు ఆ రోజంతా పాడవుతుంది.

తిండి గురించి మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి, బయటినుంచి భోజనం తెచ్చుకోనిస్తారు. గాజు సీసాలు, మద్యం తేకూడదు. కూలర్ 24 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు దాటకూడదు. విడి ఐసు ముక్కలూ డ్రై ఐసూ వద్దంటారు. నేను ముందురాత్రి నాలుగైదు నీళ్ల సీసాలు ముప్పావు దాకా నింపి గడ్డకట్టించి కూలర్‌లో పెడతాను. మధ్యాహ్నం దాకా అవే ఐసు, తర్వాత అవే చల్లటి నీళ్లు. చింతపండు పులిహోర, చపాతీలో చుట్టిన బంగాళాదుంప వేపుడు సాయంత్రం దాకా ఆగుతాయి. దద్దోజనం ఐసుకు ఆనించి పెట్టి పదకొండున్నరలోపు తినేయాలి. కొబ్బరి పచ్చడి ఫ్లోరిడా ఎండలో గంటల్లో పులిసిపోతుంది, వద్దు. ఆవకాయ చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, అదీ రెండు కవర్లలో. పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా కూర్చోడానికి చోటు దొరకదు కాబట్టి మేం 11:15కే తింటాం. లిబర్టీ స్క్వేర్ దగ్గరి కొలంబియా హార్బర్ హౌస్ మేడ మీద చల్లగా, గోల తక్కువగా ఉంటుంది. ఓ ఫ్రైస్ ప్లేటూ కూల్‌డ్రింకూ కొనుక్కుని కూర్చుంటే మనకూ మర్యాద. అక్కడ కొని తినేటప్పుడు, మెనూలో ప్లాంట్-బేస్డ్ ఆకు గుర్తు ఉంటే అందులో మాంసం, పాలు, గుడ్డు ఏవీ ఉండవు. గుడ్డు ముట్టని వాళ్లకు అదే ఆనవాలు. అదే నూనెలో చికెన్ వేయించారేమో మాత్రం అడగండి. కూల్‌డ్రింకులమ్మే కౌంటర్లలో ఐసు నీళ్ల గ్లాసు ఉచితం.

ఇన్సులిన్ లాంటి మందులు చల్లగా ఉంచాలంటే మెయిన్ స్ట్రీట్ చివర, క్రిస్టల్ ప్యాలెస్ పక్కన ఫస్ట్ ఎయిడ్ ఉంది. వాళ్లు ఫ్రిజ్‌లో పెట్టిస్తారు. దాని పక్కనే చంటిపిల్లలకు పాలిచ్చే గదులు, డైపర్ మార్చే బల్లలు ఉన్న బేబీ కేర్ సెంటర్. భార్య సాయం అవసరమయ్యే పెద్దాయనకు కంపానియన్ రెస్ట్‌రూమ్ ఎక్కడుందో పొద్దునే మ్యాపులో చూసిపెట్టుకోండి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం రెండు దాటాక ఉరుములతో వాన దాదాపు రోజూ ఉంటుంది. మెరుపులు దగ్గరకు వస్తే బయటి రైడ్లన్నీ ఆపేస్తారు. కాబట్టి రెండింటి తర్వాతి స్లాట్లు లోపలి రైడ్లకే పట్టుకోవాలి, బయటివి పొద్దునే ముగించాలి. రెయిన్‌కోట్లు ముందే మీ ఊళ్లో డాలర్ షాపులో కొనండి, పార్కులో ధర చాలా రెట్లు. ఇంకా మంచిది, ఒంటిగంటకు హోటల్‌కు వెళ్లి కునుకు తీసి ఐదింటికి రావడం. అదే టికెట్‌తో మళ్లీ లోపలికి పోవచ్చు. హోటల్ అరగంట దూరంలో ఉంటే మాత్రం రాకపోకలకే ఓపిక చాలదు. అప్పుడు ఏసీ షోలు వరసగా చూడటమే దారి.

రాత్రి బాణసంచాను పార్కు మధ్యలోని సిండ్రెల్లా కోట ఎదుట నుంచి చూడాలంటే గంట ముందే వెళ్లి నిలబడాలి, చెవులు చిల్లులు పడే శబ్దం, కదల్లేనంత జనం. పెద్దవాళ్లుంటే మెయిన్ స్ట్రీట్ వెనక, రైల్వే స్టేషన్ దగ్గర నిలబడండి. కోట కాస్త చిన్నగా కనిపిస్తుంది, బయటకు దారి వెనకే ఉంటుంది. అది కూడా వద్దనుకుంటే ముందే సరస్సు దాటి ట్రాన్స్‌పోర్టేషన్ సెంటర్ ఒడ్డునుంచి చూడవచ్చు. లోపలే ఉండిపోతే షో అయిన వెంటనే జనంతో పరుగెత్తొద్దు. పార్కు మూసినా మెయిన్ స్ట్రీట్ షాపులు కాసేపు తెరిచే ఉంటాయి. నలభై నిమిషాలు అక్కడ చల్లగా కూర్చుని, ఫెర్రీ దగ్గర క్యూ పలచబడ్డాక కదలండి.