మీరు హోటలా, తోపుడు బండా? – అర్జీ పట్టుకుని ఏడాది తిరిగిన పెళ్ళి వంటవాళ్ళ కథ

మొన్న గురువారం మధ్యాహ్నం బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. చిన్న వ్యాపారాలకు తాకట్టు లేకుండా ఇచ్చే ముద్ర శిశు లోన్ 50,000 రూపాయలు నా అకౌంట్లో పడ్డాయి. కలిసి అర్జీ పెట్టిన మా పదకొండు మంది పెళ్ళి వంటవాళ్ళలో ఆరుగురికి వచ్చింది, ఐదుగురికి రాలేదు. ఏడాది పైగా తిరిగితే చేతికి అందింది ఇంతే, అది కూడా అప్పే. మాలాగా కేటరింగ్ మీద బతికేవాళ్ళకు ఎవరికైనా పనికొస్తుందని, కోపం చల్లారకముందే కూర్చుని రాస్తున్నాను.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా మామగారి కాలం నుంచి పెళ్ళి వంటలే మా జీవనం. హోటల్ లేదు, షాపు లేదు, బోర్డు లేదు. గుండిగలు, గంగాళాలు, బూరెల మూకుళ్ళు అన్నీ పెరట్లో పశువుల పాకలోనే ఉంటాయి. ఫోన్ వస్తే ఆకుకి ఇంత అని మాట్లాడుకుని, సామాను వ్యాన్ ఎక్కించి, వెళ్ళి వండి పెట్టి వస్తాం. పెద్ద పెళ్ళయితే మాస్టర్లు, కూరలు తరిగే ఆడవాళ్ళు, వడ్డన కుర్రాళ్ళు కలిపి నలభై మందికి పని. 2019 వేసవిలో ఒకే ముహూర్తానికి మూడు ఊళ్ళలో మూడు పెళ్ళిళ్ళు చేశాం. ఏ ఒక్క చోటా ఆఖరి బంతికి కూర చాలలేదన్న మాట రాలేదు. మా ఆవపెట్టిన పనసపొట్టు కూర కోసం హైదరాబాద్‌లో స్థిరపడిన కుటుంబాలు మమ్మల్ని అక్కడికి పిలిపించుకుంటాయి. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

2020 మార్చి 25న, సరిగ్గా ఉగాది రోజున లాక్‌డౌన్ మొదలైంది. ఉగాది దాటాక వచ్చే రెండు మూడు నెలల సంపాదనే మాకు ఏడాదంతా తిండి. నా దగ్గర పదిహేడు బుకింగులు ఉన్నాయి. పది రోజుల్లో పదిహేడూ పోయాయి. అడ్వాన్సులు వెనక్కి ఇమ్మన్నారు. ఆ డబ్బు అప్పటికే పాత కిరాణా బాకీకీ, కొత్త గుండిగలకీ అయిపోయింది. నా రెండు గాజులు అప్పుడే తాకట్టుకు వెళ్ళాయి. తర్వాత పెళ్ళికి 50 మంది దాకా రావచ్చని కేంద్రం చెప్పింది. యాభై మందికి కేటరింగ్ ఎవరు పెట్టుకుంటారు? ఇంట్లో నలుగురు ఆడవాళ్ళు చీర కొంగు బిగిస్తే అయిపోయే వంట అది.

జూన్ మొదటి వారంలో రాష్ట్ర ప్రభుత్వం నుంచి వాహన మిత్ర కింద ఆటోవాళ్ళకు 10,000 పడ్డాయి. జూన్ 10న చేదోడు కింద టైలర్లకు, రజకులకు, నాయీ బ్రాహ్మణులకు 10,000 చొప్పున వేశారు. అంతకు ముందే అర్చకులకు, ఇమాములకు, పాస్టర్లకు 5,000 ఇచ్చారు. వాళ్ళకు ఇచ్చారని నాకు బాధ లేదు. మా వీధి టైలర్ ఇంట్లో ఆ డబ్బుతోనే పొయ్యి వెలిగింది, నేను కళ్ళారా చూశాను. కానీ పెళ్ళి పుస్తకంలో పురోహితుడి పక్కన రాసే పేరు వంటవాడిది. ఆ వంటవాడి పేరు ఏ జాబితాలోనూ లేకపోవడం ఏమిటి? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారాక, ఏళ్ళ తరబడి పోటీ పడి రేట్లు తగ్గించుకున్న పది మందికి నేనే ఫోన్ చేశాను. అందరూ వచ్చారు. కల్యాణ మండపాల వాళ్ళను కూడా కలుపుకుందామని అడిగితే "మా గొడవ వేరు" అన్నారు. ఇన్నేళ్ళూ వాళ్ళ మండపాల వెనక గాడిపొయ్యిల దగ్గర చెమటోడ్చినవాళ్ళం. ఆ మాట నేను మర్చిపోను.

అర్జీ రాసి పెట్టింది రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన. నాలుగు కోరికలు. చేదోడు లాంటి సాయం వంటవాళ్ళకూ ఇవ్వాలి. క్వారంటైన్ సెంటర్లలో భోజనం పని ఒక్కరికే అప్పజెప్పకుండా ఊళ్ళవారీగా పంచాలి. పెళ్ళికి వచ్చే 50 మందిలో వంటవాళ్ళనూ వడ్డించేవాళ్ళనూ లెక్కపెట్టకూడదు. పాత లోన్ లేనివాళ్ళకు కూడా లోన్ ఇవ్వాలి. మూడోది మండలంలోనే తేలిపోయింది. అక్కడి అధికారి మర్యాదగా విని, చుట్టాల లెక్కే చూస్తాం, మీ మనుషులు మాస్కులు పెట్టుకుంటే చాలన్నారు. రెండోదానికి టెండర్ అన్నారు. దానికి అడిగిన టర్నోవర్ మా పదకొండు మందివీ కలిపినా లేదు. ఎమ్మెల్యే గారి ఇంటికి రెండుసార్లు వెళ్ళాం. ఫోటో దిగారు, లెటర్ ఇచ్చారు, అంతే.

ఇక మొదటి కోరిక కోసం అప్పటి మా జిల్లా కేంద్రం కాకినాడకి వెళ్ళాం. అక్టోబరులో ఒక సోమవారం. పొద్దున్నే ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా ముగ్గురం వెళ్ళాం. నేను, ముమ్మిడివరం వైపు కుర్రాడొకడు, మా బాబాయి గారు. సొంత బాబాయి కాదు, మా మామగారి దగ్గర పని నేర్చుకున్న పెద్ద మాస్టరు. అరవై ఎనిమిదేళ్ళు. యాభై ఏళ్ళుగా పొయ్యి దగ్గరే ఉన్న మనిషి. మణికట్టు నుంచి మోచేతి దాకా నూనె చిట్లిన మచ్చలు తెల్లగా మెరుస్తుంటాయి. ఆ రోజు ఉతికిన పంచె కట్టుకుని, ఏదో పెళ్ళిలో పెట్టిన జరీ కండువా వేసుకుని వచ్చారు. అర్జీ మడత పడకూడదని పాత శుభలేఖ అట్టలు రెండింటి మధ్య పెట్టి, పైన ప్లాస్టిక్ కవర్ చుట్టి, దారి పొడుగునా ఒళ్ళోనే పెట్టుకున్నారు.

అర్జీ తీసుకున్నచోట ఒక శాఖ ఆఫీసుకి వెళ్ళమన్నారు. ఆ ఆఫీసు పేరు రాయను. కరోనా అని బయట కుర్చీలు తీసేశారు. పది గంటల నుంచి బాదం చెట్టు కింద నిలబడ్డాం. మధ్యాహ్నం మూడింటికి పిలిచారు. కంప్యూటర్ ముందు కుర్రాడు, పాతికేళ్ళుంటాయేమో, తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏం చేస్తావు నువ్వు?"

"ఆయ్, వంటండి. పెళ్ళి వంట" అన్నారు బాబాయి గారు.

"హోటలా?"

"కాదండి."

"తోపుడు బండా?"

"కాదండి. ఎవరింటికి పిలిస్తే వాళ్ళింటికి వెళ్ళి..."

"షాపు ఫోటో ఉందా? బోర్డుతో ఉండాలి."

"షాపు లేదండి."

"మరి ఏ కేటగిరీలో వెయ్యమంటావు? దీంట్లో నువ్వు లేవు."

నేను ముందుకొచ్చి ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ కాగితం చూపించాను. అందులో కేటరర్ అని అచ్చు వేసి ఉంది. ఆ కుర్రాడు కాస్త ఆలోచనలో పడి లోపలి పెద్దాయన్ని పిలిచాడు. ఆయన గుమ్మంలో నిలబడే కాగితం చూసి, బాబాయి గారి వైపు తిరిగి పైకే అన్నాడు: "పెళ్ళిళ్ళలో మిగిలిందంతా మూట కట్టుకెళ్ళేది మీరే కదయ్యా. మీకు తిండికి లోటేమిటి?"

వరండాలో ఇరవై మంది దాకా ఉన్నారు. కొందరు నవ్వారు.

బాబాయి గారితో పనిచేసినవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఆఖరి బంతి లేచి, ఆకులు తీసేదాకా ఆయన మజ్జిగ తప్ప ఏమీ ముట్టరు. ఉప్పు చూడాలన్నా గరిటె వాసన పట్టి చెబుతారు. మూడు వేల మందికి వండిన రోజు కూడా, మిగిలిన అన్నం ఏ హాస్టల్‌కి పంపారో కనుక్కున్నాకే తన ఆకు వేయించుకునేవారు. ఆ మనిషి ఆ గుమ్మం దగ్గర ఒక్క మాట మాట్లాడలేదు. శుభలేఖ అట్టలు ఏరుకుని మళ్ళీ కవర్లో పెట్టుకున్నారు. నా చేతులు వణికాయి. ఆ పెద్దాయనకి ఏం సమాధానం చెప్పాలో నాకు ఇప్పుడు వంద తడుతున్నాయి, అప్పుడు ఒక్కటీ తట్టలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

చివరికి "ఇతరములు" అనే దాంట్లో నమోదు చేసి రశీదు ఇచ్చారు. వ్యాన్‌లో యానాం దాకా ఎవరూ మాట్లాడలేదు. వంతెన మీదికి వచ్చాక గోదారి వైపు చూస్తూ బాబాయి గారు అన్నారు: "అమ్మాయ్, నేనింక ఆఫీసులకి రాను. నువ్వు మాత్రం మానకు."

పదిహేడు రోజుల తర్వాత నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: మీ అర్జీ పరిష్కరించబడింది. సంతోషం పట్టలేక అందరికీ ఫోన్లు చేశాను. ఒకాయన పూర్ణం బూరెలు వండి పంపాడు కూడా. మర్నాడు మా ఊరి సచివాలయంలో అడిగితే, ఏ పథకమూ మీకు వర్తించదని రాసి అర్జీ మూసేశారని తేలింది. అదెలా పరిష్కారమని మళ్ళీ జిల్లా ఆఫీసుకి వెళ్ళి అడిగాను. "సమాధానం ఇచ్చాం కదమ్మా, మా లెక్కలో పరిష్కారమైనట్టే" అన్నారు. ఆ జవాబు నాకు ఈ రోజుకీ అర్థం కాలేదు. ఆకలిగా ఉందని వచ్చినవాడికి అన్నం లేదని చెప్పి, వాడికి పెట్టినట్టు రాసుకోవడం మా వృత్తిలో పాపం.

అసలు మేం ప్రభుత్వానికి తెలియనివాళ్ళమా? కేటరింగ్ మీద జీఎస్టీ ఉంది. 2019 అక్టోబరులో దాన్ని 18 నుంచి 5 శాతానికి తగ్గించినప్పుడు మా పేరు పెట్టే తగ్గించారు. ఫుడ్ సేఫ్టీ వాళ్ళ దగ్గర మా పేరు ఉంది. చిన్న వ్యాపారాలవాళ్ళు కేంద్రం దగ్గర చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌లో 56210 అని ఒక కోడ్ ఉంది, ఈవెంట్ కేటరింగ్ అని. పన్ను కట్టేచోటా, లైసెన్స్ తీసుకునేచోటా ఉన్న పేరు, సాయం దగ్గరకి వచ్చేసరికి "ఇతరములు" ఎందుకైంది? నేను అడిగేది ఈ ఒక్క మాటే.

ఆ 56210 సంగతి గట్టిగా పట్టుకోండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 జులై 1 నుంచి మొదలైంది. ఆధార్, పాన్ కార్డు ఉంటే ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది. ఒక నెట్ సెంటర్‌లో నా దగ్గర 500 గుంజారు, పైగా కోడ్ రెస్టారెంట్‌ది వేశారు. దాన్ని మార్పించడానికి ఇంకో నెల పట్టింది. చదువుకునే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్ళ చేతే చేయించుకోండి, దళారుల గడప తొక్కకండి.

లోన్ సంగతి. కేంద్రం 2020 మేలో చిన్న వ్యాపారాలకు మూడు లక్షల కోట్ల అప్పులు తాకట్టు లేకుండా ఇస్తామంది కదా అని బ్యాంకుకి వెళ్ళాను. 2020 ఫిబ్రవరి 29 నాటికి మీకు ఎంత అప్పు ఉందని అడిగారు. ఆ బాకీలో 20 శాతం కొత్తగా ఇస్తారట. నాకు బ్యాంకులో బాకీ లేదన్నాను. అయితే రాదన్నారు. అప్పు చేయకుండా బతకాలని మా అత్తగారు నేర్పారు. ఆ బుద్ధే ఇక్కడ అడ్డొచ్చింది. తోపుడు బండ్లకి అప్పట్లో ఇచ్చిన స్వనిధి, జగనన్న తోడు లోన్లు కూడా అడిగాం. రోడ్డు మీద అమ్మాలన్నారు. మేం రోడ్డు మీద అమ్మం.

దారి చూపించింది సమాచార హక్కు చట్టం. ఇది తప్పకుండా చేయండి. పది రూపాయలు కట్టి, మా అర్జీ మీద ఏ తేదీన ఎవరు ఏం రాశారో కాపీలు ఇమ్మని అడిగాను. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. నాకు ఇచ్చేసరికి నాలుగు నెలలు దాటింది. కానీ ఆ సమాచార హక్కు దరఖాస్తు పెట్టిన వారం తిరక్కుండానే ఆ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, ఈసారి "అమ్మా, మీరు" అన్నారు. అక్కడి నుంచే బ్యాంకుకి ఉత్తరం వెళ్ళింది, ముద్ర కింద చూడమని. రశీదు లేకుండా ఏ కాగితమూ ఇవ్వకండి. నాకు మాటిచ్చిన ఇద్దరు అధికారులు ఈలోపే బదిలీ అయిపోయారు. రశీదులే మిగిలాయి.

ఈలోగా 2021 వచ్చింది. సంక్రాంతి దాటగానే గురు మూఢం, వెంటనే శుక్ర మూఢం. మే దాకా ముహూర్తాలే లేవు. మేలో ముహూర్తాలు మొదలయ్యేసరికి, 5వ తారీఖు నుంచి మధ్యాహ్నం పన్నెండింటి తర్వాత కర్ఫ్యూ. జూన్ 21 నుంచి మిగతా జిల్లాలన్నిటికీ సాయంత్రం ఆరు దాకా సడలిస్తే, కేసులు తగ్గలేదని మన తూర్పు గోదావరికి మాత్రం రెండింటి దాకే. రెండు సీజన్లు అలా పోయాయి. నా దగ్గర కూరలు తరిగే ఇద్దరు రొయ్యల చెరువుల పనికి వెళ్ళిపోయారు, తిరిగి వస్తారో రారో తెలియదు.

బాబాయి గారికి లోన్ రాలేదు. వయసు దాటిందన్నారు. నాకు వచ్చిన దాంట్లో కొంత ఇస్తానంటే తీసుకోలేదు. నిన్న మాత్రం ఎవరూ పిలవకుండానే మా ఇంటికి వచ్చి పాక తలుపు తీయించారు. ఇత్తడి గుండిగలన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ బోర్లించి, లోపల వేలితో గీకి చూసి, కళాయి వేయించాల్సినవి ఒక పక్కకి దొర్లించారు. ఏడు తేలాయి. మిగిలినవాటికి చింతపండు నానబెట్టమన్నారు.

శ్రావణంలో మూడు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాం, చిన్నవే. వంటవాళ్ళను చేదోడులో ఎందుకు చేర్చరో రాతపూర్వకంగా చెప్పమని మొదటి అప్పీలు వేశాను. దానికి గడువు వచ్చే నెల 9తో అయిపోతుంది. పదో తారీఖున వెళ్తాను. ముమ్మిడివరం కుర్రాడు బండి తీస్తానన్నాడు.