మూడేళ్ళకోసారి వచ్చే పని

11 అక్టోబర్ 2025, శనివారం. బర్మింగ్‌హామ్.

జనవరితో ఇప్పుడున్న కారు లీజు అయిపోతుంది. ఈలోగా కొత్తది ఎంచుకుని ఆర్డర్ పెట్టాలి. వికలాంగులకు కార్లు లీజుకిచ్చే మోటబిలిటీ వాళ్ళ కార్ల లిస్టు మూడు నెలలకోసారి మారుతుంది, ఈ నెల మొదట్లోనే కొత్తది వచ్చింది. మా వారు తోడు వస్తానన్నారు. వద్దులెండి, ఇంట్లో పని చూసుకోండని చెప్పి నేనొక్కదాన్నే షోరూమ్‌కి బయల్దేరాను. తోడు లేకుండా బయటికి వెళ్ళడమంటే నాకు ఇప్పటికీ ఇష్టమైన సంగతి. చిన్నప్పుడు బడికైనా, గుడికైనా, పక్కవీధిలో పేరంటానికైనా ఎవరో ఒకరు ఖాళీగా ఉంటేనే వెళ్ళగలిగేదాన్ని. నాన్న సైకిల్ తీస్తే బడి, లేకపోతే లేదు.

"నీకేంటి, గవర్నమెంటు ఫ్రీగా కారు ఇచ్చింది" అనేవాళ్ళు మనవాళ్ళలోనే చాలామంది ఉన్నారు. ఈమధ్య ఇక్కడి పేపర్లలోనూ అదే గోల. ఫ్రీ అన్న మాట వింటే మనసు చివుక్కుమంటుంది. జబ్బు వల్లో వైకల్యం వల్లో రోజువారీ పనులకీ, నడకకీ ఇబ్బంది ఉన్నవాళ్ళకి ఈ దేశంలో పిప్ అనే భత్యం ఉంది. అందులో నడక, ప్రయాణాల కోసం ఇచ్చే భాగం పై రేటు 2025-26లో వారానికి 77.45 పౌండ్లు. కారు తీసుకుంటే ఆ డబ్బు నా అకౌంట్లో పడదు, నేరుగా లీజుకి పోతుంది. ఇన్సూరెన్సు, సర్వీసింగు, టైర్లు, రోడ్ ట్యాక్సు, దారిలో ఆగిపోతే వచ్చే సాయం, అన్నీ అందులోనే. పెట్రోలు మనదే. మూడేళ్ళయ్యాక కారు వెనక్కి ఇచ్చేయాలి. కొంచెం పెద్ద కారు కావాలంటే ముందు చేతినుంచి కట్టాలి, ఆ డబ్బు తిరిగి రాదు. కారు వద్దనుకుంటే ఆ భత్యం చేతికే తీసుకుని ట్యాక్సీలకు వాడుకోవచ్చు. అంటే నాకు రావలసిన డబ్బునే నేను ఇలా ఖర్చుపెట్టుకుంటున్నాను. ఇందులో దొంగతనంగా దాచుకోవాల్సింది ఏముంది?

ఆ పై రేటు రావడం కూడా అంత తేలిక కాదు. నడక విషయంలో లెక్క ఇరవై మీటర్ల దగ్గర ఉంటుంది. లేచి నిలబడి, కర్ర పట్టుకునైనా సరే, ఇరవై మీటర్లు దాటి నడవలేకపోతే పన్నెండు పాయింట్లు, పై రేటు. ఇరవై నుంచి యాభై మీటర్ల మధ్య నడవగలిగితే ఎనిమిదో పదో పాయింట్లే. దానికి కింది రేటు వస్తుంది, దానితో కారు రాదు. నా కుడికాలికి పోలియో వచ్చినప్పుడు నాకు ఊహ కూడా తెలియదు. కాలికి ఆసరాగా బిగించే క్యాలిపర్ వేసుకుని కాలేజీ మెట్లెక్కాను, ఉద్యోగం చేశాను. నలభై దాటాక మంచి కాలు, నడుము కూడా బలం తగ్గడం మొదలుపెట్టాయి. పోలియో వచ్చిన ఎన్నో ఏళ్ళకి ఇలా జరుగుతుందని, దానికి పోస్ట్ పోలియో సిండ్రోమ్ అని పేరుందని డాక్టరు చెప్పేదాకా నాకు తెలియదు. ఒకసారి నడవడం వేరు, మళ్ళీ మళ్ళీ నడవగలగడం, పడిపోకుండా నడవగలగడం వేరు. ఈ తేడా నిబంధనల్లోనే రాసి ఉంది. ఫారం నింపే ప్రతివాళ్ళకీ నేను ముందు చెప్పే మాట ఇదే.

షోరూమ్‌లో కుర్రాడు మర్యాదస్తుడు. అడక్కుండానే చేతుల కుర్చీ తెచ్చి వేశాడు. నేను టెస్ట్ డ్రైవ్ చేయలేను, ఎందుకంటే వాళ్ళ కార్లలో నాకు కావలసిన పెడల్ ఉండదు. కూర్చుని చూడటమే. ఈ కూర్చోవడంలోనే ఉంది అసలు పరీక్షంతా. తలుపు బార్లా తెరవాలి. వెనక్కి తిరిగి సీటు మీద కూర్చోవాలి. అప్పటికి క్యాలిపర్ బిగించిన కాలు కర్రలా బయటికి చాచుకుని ఉంటుంది. మోకాలి దగ్గరి లాక్ విప్పి, కాలు మడిచి, ఎడమకాలు లోపల పెట్టుకుని, తర్వాత కుడికాలిని రెండు చేతులతో ఎత్తి లోపలికి తెచ్చుకోవాలి. తలుపు కింది అంచు రెండు అంగుళాలు ఎత్తుంటే చాలు, బూటు తగులుకుంటుంది. సీటు మరీ పల్లంగా ఉంటే లేవలేను, మరీ ఎత్తుగా ఉంటే ఎక్కలేను. అందరూ మోజుపడే ఎత్తు కార్లు నాకు పనికిరానివి ఇందుకే. చూసినవాటిలో ఒక చిన్న పెట్రోల్ ఆటోమేటిక్ కారు సరిగ్గా కుదిరింది. సీటు, నా తుంటి ఒకే ఎత్తులో ఉన్నాయి.

ఎలక్ట్రిక్ కార్లు కూడా చూపించాడు. ఇంటి దగ్గర చార్జర్ వాళ్ళే పెట్టిస్తారట. అది బాగానే ఉంది, కానీ దూరం వెళ్ళినప్పుడు సంగతేంటి? ఒక చేతిలో కర్ర ఉంటుంది, రెండో చేత్తో ఆ బరువైన కేబుల్ లాగాలి, పేవ్‌మెంట్ అంచు దాటాలి. వికలాంగులకు అనువుగా చార్జింగ్ పాయింట్లు ఎలా ఉండాలో 2022లోనే ఒక ప్రమాణం రాశారు. నేను వెళ్ళే దారుల్లో అలాంటివి ఇంకా కనబడలేదు. వచ్చే మూడేళ్ళకి చూద్దాం.

నా పెడల్ సంగతి ఇక్కడ రాసి పెట్టుకోవాలి. బ్రేకుకి ఎడమ పక్కన ఇంకో యాక్సిలరేటర్ బిగిస్తారు. నేను నడిపేటప్పుడు కుడివైపుది పైకి మడిచి ఉంటుంది. మా వారు నడిపేటప్పుడు ఎడమది మడిచేసి కుడిది దించుతారు, టక్కుమని చప్పుడవుతుంది. ఆ చప్పుడు వినకుండా ఇద్దరం ఇంజిన్ స్టార్ట్ చేయం. నా లైసెన్సు వెనక 25 అనే కోడ్ ఉండేది దీనికోసమే.

కాఫీ మెషీన్ పక్కన కూర్చున్న ఒక పెద్దాయన మాట కలిపారు. వాళ్ళమ్మకి ఆ రోజుల్లో ప్రభుత్వం ఇచ్చిన లేతనీలం మూడు చక్రాల బండి ఉండేదట. ఇన్వాకార్ అంటారు. అందులో ఒకే సీటు. ఇంకొకరిని ఎక్కించుకోకూడదు. "అమ్మ దగ్గర బండి ఉంది, కానీ నన్ను బడికి తీసుకెళ్ళడానికి లేదు" అన్నారాయన. 1977లో మోటబిలిటీ పెట్టి, మరుసటి ఏడాది నుంచి మామూలు కార్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ నీలం బండ్లని 2003లో రోడ్డు మీదికే రానివ్వకుండా చేశారు. ఆయన మాట నన్ను వదల్లేదు. మా అమ్మాయిని స్కూల్లో దింపి వచ్చిన పొద్దులన్నీ గుర్తొచ్చాయి. ఎవరైనా తీసుకెళ్తే బాగుండునని ఎదురుచూసిన నేను ఇంకొకరిని తీసుకెళ్ళగలగడం, ఈ కారు నాకిచ్చింది అదీ.

మధ్యాహ్నం టివిడేల్ బాలాజీ గుడికి వెళ్ళాం. మేమంటే నేనూ, చెల్లెలిలాంటి ఒక అమ్మాయీ, వాళ్ళ ఆరేళ్ళ బాబూ. బాబుకి సెరిబ్రల్ పాల్సీ, కాళ్ళూ చేతుల కదలికలు పట్టుతప్పే వైకల్యం. వాడి బగ్గీ, అంటే తోపుడు కుర్చీ, డిక్కీలో పట్టాలంటే వెనక సీటు మడవాలి. వాళ్ళాయనది వర్క్ వీసా. నెల నెలా పన్నులు కడతాడు, అయినా ఆ వీసా మీద పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వమిచ్చే భత్యాల్లాంటివి, తీసుకోవడానికి లేదు. పదహారేళ్ళలోపు పిల్లలకిచ్చే డీఎల్ఏ అనే వైకల్య భత్యం కూడా ఆ పబ్లిక్ ఫండ్స్ కిందే వస్తుంది. లేకపోతే మూడేళ్ళు నిండిన దగ్గర్నుంచీ పిల్లల పేరు మీద కారు తీసుకోవచ్చు, తల్లిదండ్రులు నడపవచ్చు. వైద్యం దొరుకుతోంది, బడిలో సాయం దొరుకుతోంది. కానీ ఫిజియోథెరపీకి రెండు బస్సులు మారి వెళ్తారు.

"వచ్చే వేసవికి మాకు ఐదేళ్ళు నిండుతాయి అక్కా, అప్పుడు ఇక్కడే శాశ్వతంగా ఉండటానికి పీఆర్ పెట్టుకోవచ్చనుకున్నాం. ఇప్పుడేమో పదేళ్ళంటున్నారు" అంది, కళ్ళనీళ్ళు పెట్టుకుని. మే నెలలో ప్రభుత్వం విడుదల చేసిన శ్వేతపత్రంలో ఆ ప్రతిపాదన ఉంది. అదే ఖాయమైతే పీఆర్ వచ్చి భత్యం అడిగేసరికి వాడికి పదకొండేళ్ళొస్తాయి, అప్పటికి తల్లి వాణ్ణి ఎత్తుకోలేదు. పెద్దవాళ్ళ సంగతి ఎలా ఉన్నా, పిల్లల భత్యానికి వీసాతో ముడిపెట్టడం అన్యాయం. ఈ మాట ఎవరితోనైనా అంటాను.

రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. మా ఊళ్ళో నాతోపాటే పోలియో వచ్చినవాళ్ళలో ఒకామెకి ఇప్పుడు నెలకు ఆరువేలు పెన్షన్ వస్తోందట, మొన్న ఒకటో తారీఖున ఇంటికే తెచ్చి ఇచ్చారట. 2024లో మూడువేల నుంచి పెంచారు. వినడానికి సంతోషంగా ఉంది. బస్టాండుకి వెళ్ళాలంటే మాత్రం ఆమె ఇప్పటికీ తమ్ముడు పొలం నుంచి వచ్చేదాకా ఆగాల్సిందే.

సోమవారం షోరూమ్‌కి ఫోన్ చేసి ఆ చిన్న కారే ఖాయం చేయాలి. ఎడమ పెడల్ ఆర్డర్‌లోనే రాయించాలి, మొదట్లోనే చెప్తే దానికి అదనపు ఖర్చు లేదు. నా పిప్ మంజూరు లెటర్‌లో ఇంకా ఏడాదికి పైగా గడువు ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే ఆర్డరే తీసుకోరు. ఆ అమ్మాయికి కూడా ఒక నోట్‌బుక్ ఇవ్వాలి. బాబు ఏ రోజు ఎంత దూరం నడిచాడో, ఎక్కడ పడ్డాడో, రాత్రి ఎన్నిసార్లు లేవాల్సి వచ్చిందో ఇప్పటినుంచే రాసుకోమని చెప్పాలి. అప్లై చేసే రోజు ఎప్పుడొచ్చినా ఫారంలో అడిగేవి అవే.