బొమ్మ చక్రవర్తిది, బొరుసు ఊరిది

రోమన్ నాణేలంటే అందరి కళ్ళూ బంగారం, వెండి మీదే ఉంటాయి. నాకేమో చిలుం పట్టి అరిగిపోయిన కంచు నాణేలంటే పిచ్చి, అందులోనూ తూర్పు ప్రావిన్సుల్లో ఊళ్ళు తమ చిల్లర కోసం తామే కొట్టుకున్నవి. బొమ్మ వైపు చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు, చక్రవర్తి మొహం, చుట్టూ గ్రీకులో పేరు, బిరుదులు. బొరుసు మాత్రం ఊరి ఇష్టం. మా గుడి, మా నది, మా దేవత అని ఎవరి గొప్పలు వాళ్ళు అక్కడే చెప్పుకునేవాళ్ళు. గ్రీసులోని ఒలింపియాలో ఫిడియాస్ చెక్కిన జ్యూస్ విగ్రహం ఎప్పుడో పోయింది, అది ఎలా కూర్చుని ఉండేదో చూడాలంటే హేడ్రియన్ చక్రవర్తి కాలంలో ఆ పక్క ఊరు ఎలిస్ వాళ్ళు కొట్టిన కంచు నాణేలే దిక్కు.

నన్ను మొదట పడగొట్టింది ఇప్పటి టర్కీలో ఉన్న ఫ్రిజియా ప్రాంతంలోని అపమేయా ఊరి నాణెం. ఫిలిప్ చక్రవర్తి (244–249) కాలానిది. నీళ్ళ మీద మూత తెరిచిన పెట్టె, అందులో నడుం దాకా కనిపిస్తూ ఒక మగ, ఒక ఆడ. మూత మీద ఒక పిట్ట వాలి ఉంది, ఇంకోటి కొమ్మ పట్టుకుని ఎగిరొస్తోంది. పెట్టె మీద మూడే అక్షరాలు, ‘నోయే’. అవును, బైబిల్లో వరదకి ఓడ కట్టి బతికిన నోవహే! పక్కనే ఆ జంటే మళ్ళీ, ఈసారి గట్టెక్కి చేతులెత్తి నిలబడ్డారు, అంటే అంత చిన్న బిళ్ళ మీద కథలో రెండు సీన్లు. క్రైస్తవం ఇంకా రాజ్యం మతం కాని రోజుల్లో ఇదెలా అంటే, ఆ ఊరి మారుపేరు ‘కిబోటోస్’, పెట్టె అని అర్థం, గ్రీకు బైబిల్లో ఓడకి వాడిన మాటా అదే. పేరు కలిసింది కదా, ఊరుకుంటారా!

బొమ్మ వైపు ఏమీ ఉండదన్నాను గానీ, అదే టర్కీలో కారియా ప్రాంతంలోని స్ట్రాటోనికేయా ఊరి నాణేల్ని మినహాయించాలి. వాటి మీద రోమ్‌ని కలిసి ఏలిన అన్నదమ్ములు కారకల్లా, గేటా ఎదురెదురుగా ఉంటారు. 211 డిసెంబర్లో అన్న తమ్ముణ్ణి చంపించి, ఎక్కడా వాడి పేరు, రూపం కనిపించకూడదన్నాడు. చలామణీలో ఉన్న డబ్బుని ఎవరు పారేసుకుంటారు? అందుకే గేటా మొహం వరకూ చెక్కేసి, మళ్ళీ చిన్న ముద్రలు కొట్టి వాడుకున్నారు. అలాంటి నాణెం ఫొటో ఒకటి పెద్దది చేసి చూశాను, ఒక పక్క అంతా గీతలు, గుంట. ఇటు పక్క కారకల్లా చెక్కుచెదరకుండా ఉన్నాడు, ఆ గుంట వైపే చూస్తూ.