కిగాలి గోడ దగ్గర ఒక ఆదివారం

ఉగాండా నుంచి రువాండాలోకి దాటే గటునా సరిహద్దులో నా గోంగూర పచ్చడి జోలికి రాలేదు గానీ, దాన్ని చుట్టిన కవరు మాత్రం తీసేసుకున్నారు. రువాండాలో ప్లాస్టిక్ సంచులు 2008 నుంచే నిషేధం. తెలిసీ తెచ్చాను, తప్పు నాదే. జంతికలదీ అదే గతి. వాటిని పాత పేపర్లో పొట్లం కట్టి, పచ్చడి సీసా చేత్తో పట్టుకుని తెల్లవారుజామున నడుస్తూ దేశం దాటాను. కంపాలా నుంచి రోడ్డుకి ఎడమ పక్కన వచ్చిన బస్సు అక్కణ్ణుంచి కుడి పక్కకి మారింది. ఇక నిద్రేం పడుతుంది, ప్రతి మలుపులోనూ ఎదురు లారీ మన మీదికే వస్తున్నట్టుంటే!

రాజధాని కిగాలిలో మొదటి రెండు రోజుల గురించి చెప్పడానికేం లేదు. మామూలు గదికి రెండింతలు అడిగారు. బేరమాడితే నవ్వారు. ఇచ్చాను. ప్రపంచ రోడ్ సైక్లింగ్ చాంపియన్‌షిప్ ఆఫ్రికా ఖండానికి రావడం ఇదే మొదటిసారి, వాళ్లు మాత్రం ఎందుకు ఊరుకుంటారు?

నేను వచ్చింది ఆదివారం కోసం, 2025 సెప్టెంబర్ 28. మగవాళ్ల రోడ్ రేస్, 267.5 కిలోమీటర్లు. ఎక్కిన ఎత్తంతా కలిపితే 5,475 మీటర్లు. మా రూమ్మేట్ ఊళ్లోనే ఉన్న కిమిహురురా ఎక్కుడు దగ్గర నిలబడదామన్నాడు. నేను వినలేదు. 'కిగాలి గోడ' అని పేరు పడ్డ రాళ్ల రోడ్డు ఒకటుంది, 400 మీటర్ల పొడవు, 11 శాతం వాలు. ఊళ్లో వాళ్లు క్వా ముత్వే అంటారు. ఫొటోల్లో చూసినప్పట్నుంచీ మనసంతా దాని మీదే. రోడ్లన్నీ మూసేశారు, మోటో టాక్సీ లేదు. గంటన్నర నడిచి, ఎక్కి, రొప్పుతూ ఒక మట్టి గోడ మీద చోటు సంపాదించాను.

పక్కన కూర్చున్నతను ముసాంజే అనే ఊళ్లో సైకిల్ టాక్సీ తొక్కుతాడు. అలాంటివాళ్లని ఉమున్యోంజి అంటారట. రేస్ కోసం ముందు రోజే బస్సెక్కి వచ్చాడు. వచ్చీ రాని ఇంగ్లీషులో ఇద్దరం సర్దుకున్నాం. ఫోన్లో తన సైకిల్ చూపించాడు. రాడ్ బ్రేకులు, వెనక క్యారియర్ మీద కుచ్చులు కుట్టిన మెత్త. మా ఊళ్లో పాలాయన సైకిలే అది, కుచ్చులొక్కటే తేడా! ఎక్కుడు వస్తే ఏం చేస్తావంటే, ఎక్కినవాళ్లని దిగి నడవమంటాడట. "మరి డబ్బులు తగ్గిస్తావా?" "ఎందుకు? సైకిల్ నేనే కదా నెడుతున్నా." ఎవరూ ఎక్కకపోతే లారీ వెనక చెయ్యేసి వేలాడతాడు. పోలీసులు చూస్తే జరిమానా. చెయ్యి ఎలా పట్టాలో నా భుజం మీద పట్టి చూపించాడు, సాయంత్రం దాకా నొప్పి పోలేదు.

వీళ్ల సైకిల్ రేసుల కథ మొదలైంది ఇలాంటివాళ్ల దగ్గరే. టూర్ ఆఫ్ రువాండా అనే రేస్ 1988లోనే ఉంది గానీ, అప్పట్లో అది దేశంలోపలి పోటీ. 1994 మారణకాండలో దేశమే కుప్పకూలింది. 2005లో అమెరికా సైకిళ్ల తయారీదారు టామ్ రిచీ వచ్చి, కాఫీ రైతులు బస్తాలు మోసుకోవడానికి పొడవాటి సైకిల్ చేయించాడు. కోసిన కాఫీ పండు గంటల్లో కడిగే చోటికి చేరకపోతే పాడైపోతుంది మరి. సైకిల్ రేసుల్లోకెల్లా పేరున్న టూర్ డి ఫ్రాన్స్ తొక్కిన మొదటి అమెరికన్ జొనాథన్ బోయర్, 2007లో ఇక్కడ కుర్రాళ్లను ఏరి టీమ్ కట్టాడు. వాళ్లలో సైకిల్ టాక్సీ తొక్కినవాళ్లూ ఉన్నారు. 2009లో టూర్ ఆఫ్ రువాండాకి అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆ టీమ్‌లోని ఆడ్రియన్ నియోన్షుటి దేశం జెండా పట్టుకుని నడిచాడు. విస్తీర్ణంలో తెలంగాణలో నాలుగో వంతు కూడా లేని దేశం!

నా పక్కనున్న సైకిల్ టాక్సీ అతనికి ఇవన్నీ నోటికొచ్చు. అతని బాధ వేరే. 2014లో తమ దేశం వాడు వలెన్స్ న్దాయిసెంగా టూర్ ఆఫ్ రువాండా గెలిచినప్పుడు ఇతను రోడ్డు మీద డాన్స్ చేశాడట. 2019లో ఆ రేస్ స్థాయి పెంచాక సొంత దేశం వాళ్లు ఒక్కసారీ గెలవలేదు, ఎరిత్రియా వాళ్లో యూరప్ వాళ్లో పట్టుకుపోతున్నారు. "ఇల్లు మాది, విందు వాళ్లది" అన్నట్టు మొహం పెట్టాడు.

నాకు తెలిసిన సైకిల్ పోటీలు రెండే. ఆగస్టు పదిహేనుకి బళ్లో స్లో సైక్లింగ్, ఆఖరున వచ్చినవాడికి స్టీలు గిన్నె. ఇంకోటి పోటీ కూడా కాదు, సెంటర్లో వారం రోజులు దిగకుండా సైకిల్ తొక్కే మనిషి. దాని మీదే స్నానం, దాని మీదే అన్నం. రాత్రి మైకులో పాటలు, ఛాతీ మీద ట్యూబ్‌లైట్లు పగలగొట్టుకోవడం. చొక్కాకి పదిరూపాయల నోట్లు గుచ్చేవాళ్లం.

మధ్యాహ్నం దాటాక హెలికాప్టర్ మోత. జనం గోడ మీద నుంచి ముందుకి తూలారు. ముందు స్లొవేనియా రైడర్ పొగాచర్, వెనకే ఒకరిద్దరు, ఆ వెనక చెల్లాచెదురుగా మిగతావాళ్లు. ఒకడి మోకాలి మీద ఎండిపోయిన ఉప్పు చార కనిపించింది, అంత దగ్గర. చివరి కారు కూడా పోయింది. మళ్లీ ఎప్పుడొస్తారని అడిగాను.

"రారు. ఇటు ఒక్కసారే."

రూమ్మేట్‌కి ఫోన్ చేశాను. కిమిహురురా మీదుగా మొత్తం పదిహేను చుట్లట. తొమ్మిది అయ్యాయి, ఇంకా ఆరున్నాయని చల్లగా చెప్పాడు. రోడ్లు మూసి ఉన్నాయి, అక్కడికి పోయే దారి లేదు.

మిగతా రేస్ పక్కనతని ఫోన్లో చూశాం. పొగాచర్ ఒంటరిగా గెలిచాడు. బయల్దేరినవాళ్లలో చివరిదాకా తొక్కింది 30 మందే. అతను సంచిలోంచి ఉడకబెట్టిన బంగాళాదుంపలు తీశాడు, నేను గోంగూర సీసా మూత తీశాను. మొదటి ముద్దకి కళ్లు మూసుకున్నాడు, రెండోదానికి సీసా తన వైపు లాక్కున్నాడు.

మీ ఊళ్లో కొండలెంత ఎత్తుంటాయని అడిగాడు. మాది తాడేపల్లిగూడెం పక్కన, ఎత్తంటే కాలవ మీద వంతెనొక్కటే అన్నాను. కాసేపు నమ్మలేదు.

"మరి మీ సైకిళ్లకి బ్రేకులెందుకు?" అన్నాడు.